కొబ్బరినూనె రాసిన రేకులు

పలాసలో మా ఇంటి కిటికీలకు బ్లైండ్లు వేయించాలన్న ఆలోచన మా మావగారికి విశాఖపట్నంలో, ఒక ఆఫీసరు గది ముందు బల్ల మీద కూర్చుని ఉండగా పుట్టింది. జీడిపప్పు వ్యాపారం పని మీద వెళ్ళిన ఆయన్ని ఆ ఆఫీసరు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా బయటే కూర్చోబెట్టాడు. మధ్యమధ్యలో లోపల్నించి రెండు వేళ్ళతో కిటికీ రేకులు విడదీసి, ఎవరెవరు ఉన్నారో చూసి, మళ్ళీ వదిలేసేవాడట. చూసి కూడా పిలవనందుకు మామూలు మనిషికైతే ఒళ్ళు మండుతుంది. మావగారికి మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. పెద్దమనిషి అంటే తాను కనపడకుండా పదిమందినీ చూసేవాడని ఆ రోజు అర్థమైందని ఇంటికొచ్చి భోజనాల దగ్గర చెప్పారు.

కొద్దిరోజుల్లోనే విశాఖ నుంచి వ్యాన్లో ఒకతను దిగి ఇల్లంతా కప్పేశాడు. రోడ్డు వైపున్న హాలు కిటికీకి సన్నటి అల్యూమినియం రేకులు. మావగారు ఆఫీసు అని పిలుచుకునే ముందుగదికి నిలువుగా వేలాడే గుడ్డ పట్టీలు. వరండాకి వెదురు తెర. మావగారి పడకగదికి, లాగితే చుట్టుకుపోయే తెర. ఊళ్ళో అప్పటికి బ్లైండ్లున్న ఇల్లు మాదొక్కటే. కాశీబుగ్గ నుంచి పనిగట్టుకుని వచ్చి చూసినవాళ్ళున్నారు. వెదురు తెరని చూసి మా అత్త మాత్రం ఒకే ఒక్క మాట అంది, "తడిక కదేటి?" పశువుల పాకకి కట్టే తడికలో ఏ గుణాలుంటాయో అవన్నీ అందులోనూ ఉన్నాయి. అయినా ఆ మాట మావగారి ముందు మళ్ళీ ఎవరూ అనలేదు.

నేను టెక్కలి నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్ళి అప్పటికి రెండేళ్ళయిందేమో. డిగ్రీ చదివాను కనుక, బ్లైండ్లు ఇంగ్లీషు వస్తువులు కనుక, వాటి శుభ్రత శాఖ నాకు ఏకగ్రీవంగా అప్పగించారు. బిగించినతను వెళ్ళిపోతూ రైల్వే స్టేషన్లో మైకు మాట్లాడినంత వేగంగా నాకు అన్నీ చెప్పాడు. రేకుల్ని మూసి పొడిగుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి, తిప్పి మళ్ళీ తుడవాలి. గుడ్డ పట్టీల్ని మెత్తటి బ్రష్షుతో దులపాలే తప్ప ఉతకకూడదు. వెదురుని నానబెట్టకూడదు. చుట్టుకునే తెరని చటుక్కున వదలకూడదు. ముఖ్యంగా దేనికీ నూనె తగలనివ్వకూడదు. అప్పుడు అత్త నా పక్కనే నిలబడి ఉంది. అన్నిటికీ తల ఊపింది.

ఆ మనిషికి తెలియని సంగతేమిటంటే పలాస గాలి వేరు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల జీడిపిక్కలు కాల్చే బట్టీలుండేవి. ఆ పొగ జిడ్డుగా వచ్చి గోడల మీద, గిన్నెల మీద, ఆరేసిన చీరల మీద కూర్చునేది. దాన్ని దులిపితే పోదు, తుడిస్తే సాగుతుంది. పాత బనీను చేతికి చుట్టుకుని ఒక్కో రేకూ రెండువైపులా తుడుచుకుంటూ పోతే, పైనుంచి కింది రేకు దగ్గరికి వచ్చేసరికి పై రేకు మళ్ళీ మాసేది. రేకు అంచు తగిలి వేలు తెగితే రక్తం మరక తుడవడం అదనపు పని. మావగారు వచ్చేపోయేవాళ్ళకి చూపించి, దుమ్మూ పొగా ఇంట్లోకి రాకుండా ఎంత ఆపుతున్నాయో చూడండి అనేవారు. నిజమే. ఇంట్లోకి రావలసిన మురికంతా అక్కడే ఆగి, నా కోసం ఎదురుచూసేది.

ఈ వైభవం వల్ల ఇంట్లో ఒక్కరికే నష్టం జరిగింది. ఆ హాలు కిటికీ అంతకుముందు మా అత్తది.

అత్త పుట్టిల్లు ఉద్దానంలో, బారువకీ కవిటికీ మధ్య సముద్రం పక్కనున్న ఊరు. కొబ్బరితోటలు, ఇల్లు, అన్నీ ఇప్పుడు ఆమె తమ్ముడివి. ఉన్నది ఒక్క తమ్ముడే. ఆయన ఒక సర్పంచి ఎన్నికల్లో, మా మావగారు నిలబెట్టిన మనిషిని కాదని రెండో పార్టీ తరఫున తిరిగాడు. మావగారి మనిషి ఓడిపోయాడు. ఆ రోజు నుంచి మావగారి నోట బావమరిది అన్న మాట రాలేదు. చెప్పాల్సి వస్తే "ఆ పార్టీ మనిషి" అనేవారు. అత్తని పుట్టింటికి వెళ్ళొద్దని ఆయన ఎప్పుడూ అనలేదు, అంత కఠినులు కారు. వెళితే తిరిగి రావద్దని ఒకే ఒక్కసారి అన్నారు. ఫోను ఆయన ఆఫీసు గదిలో, ఆయన బల్ల మీద, చిన్న తాళంతో ఉండేది.

అలాంటప్పుడు అత్తకి తమ్ముడి కబురు ఎలా తెలియాలి? చేపలావిడ వల్ల తెలిసేది. అత్త పుట్టినూరి పక్కన పల్లెలో ఉండే మనిషి, వేటకి వెళ్ళే కుటుంబం. తెల్లారగానే బుట్టతో ఆటో ఎక్కి వచ్చి, కాశీబుగ్గలో దిగి, వీధులు తిరుగుతూ మా కిటికీ దగ్గర ఆగేది. అత్త లోపల ఊచలు పట్టుకుని నిలబడేది. ముందు తమ్ముడి కబురు, ఆ తర్వాత కవళ్ళ చేపల బేరం. ఆ రోజుల్లో ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. అత్త తమ్ముడికీ వచ్చింది. కాళ్ళు వాస్తున్నాయనీ, మంచినీళ్ళు కూడా కొలిచి తాగుతున్నాడనీ, తోటలోకి నడవడం మానేశాడనీ, అన్నీ ఆ కిటికీలోంచే మా ఇంట్లోకి వచ్చాయి. ఇది మావగారికి తెలుసు. రేకులు వేయించింది దీనికోసమేనని నేను ఆయన మీద నింద వెయ్యను. దుమ్ము కోసమే వేయించారు. కాకపోతే ఇంటికి నాలుగువైపులా దుమ్ము వస్తుండగా హాలు కిటికీ తాడుని మాత్రమే ఎవరూ ముట్టుకోకూడదని ఆయన ఉత్తర్వు వేశారు. కిటికీ దగ్గర సంత పెడితే ఇంటి పరువు ఏం కావాలని అడిగారు.

అత్త చేపల బేరం వరండాలోకి మార్చుకుంది. వరండా గట్టు మీద, సరిగ్గా ఆ హాలు కిటికీ కింద, కిటికీకి వీపు పెట్టుకుని కూర్చునేది. చేపలావిడ మెట్టు మీద బుట్ట దింపేది.

అప్పటినుంచే అత్తకి చెవుడు మొదలైందని నేననుకున్నాను. చేపలావిడ ఏదైనా చెప్పగానే, "మల్లా సెప్పే. గట్టిగా సెప్పు," అనేది. ఆ మనిషి మళ్ళీ మొదట్నుంచీ వీధి చివరికి వినపడేలా చెప్పేది. విచిత్రమేమిటంటే కవళ్ళ ధర మటుకు గొణిగినా వినపడేది. ధరలు వినపడి కబుర్లు వినపడకపోవడం కూడా ఒక రకం చెవుడే అయుంటుందని, బాధ్యత గల కోడలిగా ఆవిడని శ్రీకాకుళం తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించాను. ఆయన పరీక్షలన్నీ చేసి, ఈ చెవులు మీ చెవులకన్నా బాగున్నాయన్నాడు. డాక్టరుకి పని రాదని తేల్చుకుని వెనక్కి వచ్చాం. బస్సులో దారి పొడుగునా అత్త కిటికీ పక్క సీట్లో కూర్చుని చాలా ప్రశాంతంగా బయటికి చూసింది.

ఇక శుభ్రత సంగతి. నేను టెక్కలి పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అత్త ఒక్కో రకాన్నీ తన పద్ధతిలో బాగుచేసేది. మొదటిసారి ఆఫీసు గది గుడ్డ పట్టీల్ని ఊడదీసి చీరలతో పాటు చాకలికి వేసింది. అతను వాటిని శ్రద్ధగా ఉడకబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చాడు. అప్పడాల్లా బిర్రుగా, జానెడు పొట్టిగా వచ్చాయి. ఆ తర్వాత మావగారి ఆఫీసులో కూర్చున్నవాళ్ళ ముఖాలు బయటికి కనిపించేవి కావు గాని మోకాళ్ళ నుంచి కిందికి అందరూ కనిపించేవారు. రెండోసారి వెదురు తెర వంతు. వాళ్ళ వైపు పడవలకి పురుగు పట్టకుండా జీడినూనె పూస్తారు. పూస్తే చెక్క పదేళ్ళు ఉంటుందని నమ్మకం. వెదురుకీ పూయించింది. జీడినూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మావగారి కోసం వచ్చి వరండాలో చేరబడిన పార్టీ పెద్దలు ఇద్దరు భుజాల మీద పుండ్లతో వారం రోజులు చొక్కా వేసుకోలేదు. చుట్టుకునే తెరని ఆవిడ ముట్టుకోలేదు. అది వదలగానే తుపాకీ పేలినట్టు పైకి పోతుంది, ఒకసారి దాంతో పాటు బల్లి కూడా చుట్టుకుపోయింది.

మూడోసారి హాలు రేకులు. ఉద్దానం వాళ్ళకి కొబ్బరినూనె అనేది నూనె కాదు, సర్వరోగ నివారిణి. పసిపిల్లల మాడుకీ అదే, ఎద్దు కొమ్ములకీ అదే, తలుపు బందులకీ, సైకిల్ చైనుకీ అదే. సముద్రపు గాలికి ఇనుప ఊచలు కూడా రాలిపోయే చోట పుట్టిన మనిషి, వానలు పడేముందు ఇంట్లో లోహం కనపడితే నూనె రాయకుండా ఉండలేదు. పై పట్టీ నుంచి కింది రేకు దాకా, తాడుతో సహా, గానుగ నుంచి తెచ్చిన కొబ్బరినూనె గుడ్డతో అద్ది మరీ రాసింది. నేను తిరిగి వచ్చేసరికి కిటికీ పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది.

వారం తిరగకుండా జీడి పొగ వచ్చి ఆ నూనె మీద స్థిరపడింది. నల్లటి బంక తయారైంది. శనగపిండి పట్టించాను. కుంకుడురసం పోశాను. వేడినీళ్ళలో సబ్బు కలిపి ఒక్కో రేకూ రుద్దాను. బంక నా చేతులకి వచ్చింది గాని రేకుల్ని వదల్లేదు. ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తాడు లాగితే జారేది తప్ప తెర లేచేది కాదు. మావగారికి ఇది లోపంలా కనపడలేదు. తెరవడానికి వీల్లేని తెర ఇంకా భద్రమన్నారు.

అయితే ఆ బంకలో ఒక చోట రెండు రేకులు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి. నేను తుడవకముందే మెరిసేవి. పైగా కాస్త వంగి ఉండేవి. అత్త తల నా భుజం దగ్గరికి వస్తుంది, ఆమెకి అందే ఎత్తు కాదు. నేను కోళ్ళనీ, పిల్లుల్నీ, మా ఆయన్నీ అనుమానించాను. మావగారి తెల్ల లాల్చీ చేతి అంచున పొద్దున్నే నల్ల మరక ఎందుకవుతోందని చాకలితో తగువు కూడా పెట్టుకున్నాను. ఒక పొద్దుట బనీను గుడ్డతో హాల్లోకి వెళ్తే మావగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. రెండు వేళ్ళు రేకుల మధ్య ఉన్నాయి. తల పక్కకి వంచి, చెవి సందుకి ఆనించి ఉన్నారు. బయట చేపలావిడ అత్త తమ్ముడి కాళ్ళ వాపు గురించి రెండోసారి చెబుతోంది.

నన్ను చూసి ఆయన వేళ్ళు తీశారు. "రేకు వొంగినట్టుంది, సూత్తన్నాను," అన్నారు. అవును మావా, వంగింది, అన్నాను. ఆయన పేపరు తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. పేపరు మూలల్లో నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

నాకు జాలి వేయాలి. అప్పుడు మాత్రం కోపం వచ్చింది. తెలుసుకోవాలని ఉన్న మనిషి ఫోను తాళం తీయొచ్చు, కారెక్కి గంటన్నరలో వెళ్ళి రావొచ్చు. ఆయన ఎంచుకున్న మార్గం మాత్రం ఇంటి ఇల్లాలిని కిటికీ బయట కూర్చోబెట్టి, తాను లోపల నిలబడి, ఇంట్లో వాళ్ళ మాటలే దొంగచాటుగా వినడం. విశాఖ ఆఫీసరు దగ్గర నేర్చుకున్న పెద్దరికం అంతా ఇందుకే పనికొచ్చింది. ఈ సంగతి అత్తకి చెప్పలేదు. తెలిస్తే బాధపడుతుందని దాచాను.

ఆ ఏడు వానలు ముదిరాక ఒక పొద్దుట చేపలావిడ ఖాళీ చేతులతో వచ్చింది. బుట్ట లేదు. అత్త అప్పటికే గట్టు మీద ఉంది. నేను వరండా తుడుస్తున్నాను.

"బాబుగోర్ని రేతిరే విశాపట్నం ఒట్టుకుపోనారమ్మా," అంది చేపలావిడ. "ఒల్లంతా నీరొచ్చీసింది. మాట పలకట్నేదు."

అత్త ముఖం తెల్లబోయింది. అయినా ఆమె అన్నది మాత్రం రోజూ అనే మాటే. "మల్లా సెప్పే. గట్టిగా సెప్పు."

ఆ మనిషి ఏడుస్తూనే మళ్ళీ చెప్పింది. ఈసారి నాకు ఒళ్ళు మండింది. తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడన్న మాట ఎవరైనా రెండోసారి చెప్పించుకుంటారా అని చీపురు కింద పడేశాను. అప్పుడే లోపల తాడు లాగిన చప్పుడయింది. తాడు జారింది. మళ్ళీ లాగారు, మళ్ళీ జారింది. ఆ తర్వాత పై పట్టీతో సహా మొత్తం తెర గోడలోంచి ఊడి దబ్బున నేల మీద పడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత తెరుచుకున్న ఆ కిటికీలో, ఊచల వెనక, మోచేతుల దాకా నల్లటి బంకతో మావగారు నిలబడి ఉన్నారు.

"ఏ ఆస్పత్రే?" అన్నారు చేపలావిడతో.

ఆమె చెప్పేలోగా అత్త, వెనక్కి తిరక్కుండానే అంది. "ఇన్నాల్నించీ అన్నీ ఇన్నారు. అదొక్కటీ అడుగుతన్నారేటి?"

చీపురు తీసుకోవడం కూడా మర్చిపోయి నేను ఆ గట్టు వంక, ఆ కిటికీ వంక చూస్తూ ఉండిపోయాను. చెవుల డాక్టరు పనివాడే. అత్త అన్నాళ్ళూ రెండోసారి చెప్పించింది తన కోసం కాదు.

ఆ మధ్యాహ్నం రైల్లో ఇద్దరూ విశాఖ వెళ్ళారు. మావగారు అత్త తమ్ముడి మంచం పక్కన కూర్చున్నారట. ఆయన కళ్ళు తెరిచి చూశాడో లేదో, చూస్తే గుర్తుపట్టాడో లేదో మావగారే చెప్పాలి. వారం తిరక్కుండా శవాన్ని ఊరికి తెచ్చారు. ఆ తోటల మధ్య ఇంటికి మా మావగారు ఎన్నో ఏళ్ళకి వెళ్ళారు. పలకరించాల్సిన మనిషి అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఎవరి పార్టీ గెలిచిందో అక్కడ ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం గట్టిగా అరిచి అడగాలనిపించింది. అడగలేదు, ఏడ్చాను.

కర్మకాండలయ్యాక పలాస వచ్చాం. హాలు రేకుల్ని నేను మడిచి పెరట్లో పడేశాను. గోడకి మేకుల బెజ్జాలు అలాగే ఉండిపోయాయి. మళ్ళీ ఏ తెరా వెయ్యమని మావగారు అనలేదు.

కొన్నాళ్ళకి చేపలావిడ వచ్చింది. తెరిచి ఉన్న కిటికీ చూసి, వరండా మెట్టెక్కకుండా పాత అలవాటున కిటికీ దగ్గరే బుట్ట దింపింది. అత్త లోపల ఊచలు పట్టుకుని నిలబడింది. చాలా ఏళ్ళుగా ఆ ఇద్దరి మధ్య మొదటి మాట తమ్ముడి కబురే. అత్త బుట్టలోకి చూసింది. చేపలావిడ నెత్తళ్ళ మీద తడిగుడ్డ సర్దింది.

వెనక నుంచి మావగారు వచ్చి అత్త పక్కన నిలబడ్డారు. విడదీయడానికి రేకుల్లేక ఆయన చెయ్యి ఊచ మీద ఆగిపోయింది. చేపలావిడని అడిగారు, మెల్లగా.

"మా బావమరిది ఇల్లు తలుపులు తీసుంచుతన్నారా?"

చేపలావిడకి వినపడింది. జవాబు చెప్పడానికి నోరు కూడా తెరిచింది. అత్త చెయ్యెత్తి ఆమెని ఆపింది.

"మల్లా సెప్పండి," అంది మావగారితో. "గట్టిగా సెప్పండి."

ఆయన కాసేపు వీధి వంక చూశారు. ఆ తర్వాత మళ్ళీ మొదట్నుంచీ, వీధి చివరికి వినపడేలా అడిగారు.